ఆయన ప్రసంగం ఆయనకే చదివి వినిపించాను

ఏలూరు కోర్టులో కొంతకాలం ప్రభుత్వం తరపున, ఆ తర్వాత చాలాకాలం ప్రభుత్వానికి ఎదురుగా నిలబడి, చివరికి మోకాళ్ళు సహకరించక నల్లకోటు విప్పేసినదాన్ని. ఈమధ్య కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన అమ్మాయిలు కొందరు ఇంటికొచ్చి, "మేడమ్, మీరు గెలిచిన పెద్ద కేసు ఏదైనా చెప్పండి" అని అడిగారు. గెలిచినవాటిలో చాలావరకు మరిచిపోయాను. గెలిచానో ఓడానో ఇప్పటికీ తేల్చుకోలేనిది మాత్రం ఒకటుంది. అది చెప్పాను. రాయమన్నారు, రాస్తున్నాను.

ఆ కేసులో నాకు ఎదురుగా నిలబడ్డది ఒక ఎమ్మెల్యే. మొదట లాయరు, తర్వాత ఎమ్మెల్యే, ఓడినా గెలిచినా మళ్ళీ లాయరు. డెల్టాలో వరి పండించే కుటుంబంలో పుట్టి, లా చదివి, ఏలూరులో ఆఫీసు పెట్టారు. పల్లెటూరి సాక్షి బోనెక్కితే, ఎదుటిపక్షం సాక్షి అయినా సరే, ప్రశ్నలు మొదలుపెట్టేముందు "అన్నం తిని వచ్చారా అండీ?" అని అడిగేవారు. సాక్షిని మెత్తబరచడానికి అదొక ఎత్తని కొందరు అనేవారు. నేనూ అలాగే అనుకున్నాను. తినలేదని సాక్షి అంటే నిజంగానే జడ్జిగారిని బతిమాలి విచారణ మధ్యాహ్నానికి జరిపించడం కళ్ళారా చూశాక ఆ అనుమానం పోయింది.

ఆయనలో లోపాలు లేవని కాదు. మైకు అక్కర్లేని గొంతు ఆయనది, ఆ గొంతంటే అందరికంటే ఎక్కువ ముచ్చట ఆయనకే. పొద్దున్నే పేపరు తెరిచి, ముందు తన పేరు ఎక్కడుందో వెతుక్కునేవారని ఆయన గుమాస్తా నవ్వుతూ చెప్పేవాడు.

అప్పట్లో కొల్లేరు లోపలికి చొరబడి పెద్దవాళ్ళు గట్లు వేసుకుని చేపల చెరువులు తవ్వుకోవడం బాగా ముదిరింది. నీళ్ళు పోయే దారి లేక వానాకాలం చుట్టుపక్కల చేలు మునిగేవి. గట్టు తీసెయ్యమని అధికారులు నోటీసిస్తే, అవతలివాళ్ళు ఆ నోటీసు పట్టుకుని కోర్టుకొచ్చి స్టే తెచ్చుకునేవారు. స్టే తేలేలోపు చేపలు పట్టుకుని, అమ్ముకుని, మళ్ళీ చేపపిల్లల్ని వదిలేవారు. దానికి విరుగుడుగా ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. సరస్సు హద్దు లోపల ఉన్న ఏ గట్టునైనా నోటీసు లేకుండా తొలగించవచ్చని అందులో ఒక సెక్షన్. అసెంబ్లీలో ఆ సెక్షన్ తరపున గట్టిగా మాట్లాడింది ఈయనే. "రేపు ఆ గట్టు మీద ఒక గుడిసె వేసి, కాపలావాణ్ణి కూర్చోబెట్టి, ఇది ఇల్లు అని కోర్టుకొస్తారు అధ్యక్షా! ఆ గుడిసెను చూసి మనం మోసపోకూడదు. ఆ మాట వినకూడదనే ఈ సెక్షన్!" అన్నారు. సభలో బల్లలు చరిచారు. ఆయన పార్టీవాళ్ళు ఆ ప్రసంగాన్ని కరపత్రంగా అచ్చువేసి ఊరూరా పంచారు. మా తాడేపల్లిగూడెంలో నాన్నగారి ఉల్లిపాయల కొట్టుకి కూడా ఒకటొచ్చింది.

చట్టం వచ్చాక మొదట పెద్ద గట్లే కొన్ని తెగాయి. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. తర్వాత ఎక్కడ ఎవరు ఎవరికి ఫోన్ చేశారో గానీ, పొక్లెయిన్ మిషన్లు దారి మార్చుకున్నాయి. గుండుగొలను దగ్గర హైవే దిగి సరస్సు వైపు లోపలికి పోతే ఒక పాత గట్టు ఉండేది. దాన్ని వేసిన ఆసామి ఏనాడో చెరువు వదిలేసి వెళ్ళిపోయాడు. వరదలో ఇళ్ళు పోగొట్టుకున్న మత్స్యకారుల కుటుంబాలు కొన్ని ఆ గట్టెక్కి, అక్కడే పాకలు వేసుకుని ఉండిపోయాయి. పిల్లలు అక్కడే పుట్టారు, పెద్దవాళ్ళు అక్కడే పోయారు. ఒకరోజు అధికారులొచ్చి, ఎల్లుండి మిషన్ వస్తుంది, సామాన్లు తీసేసుకోండి అని చెప్పి వెళ్ళారు.

వాళ్ళు పరుగెత్తుకెళ్ళింది తమ ఎమ్మెల్యే దగ్గరికే. ఆయన నేరుగా అధికారి ఆఫీసుకెళ్ళారు. అధికారి చాలా మర్యాదగా, "మాదేముందండీ, సెక్షన్ మీదే కదండీ సార్" అన్నాడట. ఆయన తిరిగొచ్చి, ఆ సాయంత్రమే దావా తయారుచేసుకుని, మర్నాడు మిషన్ని ఆపే ఇంజంక్షన్ ఆర్డరు కోసం కోర్టులో వేశారు. వాదనలు వినేదాకా మిషన్ పంపొద్దని జడ్జిగారు అన్నారు. ఫీజు లేదు. తన పార్టీ ప్రభుత్వం మీద, తను మెచ్చుకున్న చట్టం మీద.

నేను అప్పుడు అసిస్టెంట్ గవర్నమెంట్ ప్లీడర్ని. కొత్తగా వేశారు. రోజూ తాడేపల్లిగూడెం నుంచి పాసింజర్ బండిలో వచ్చిపోయేదాన్ని. నా పైన గవర్నమెంట్ ప్లీడరు, మేమంతా జీపీ గారనేవాళ్ళం. చాలా మంచి మనిషి, అంతకంటే జాగ్రత్తపరుడు. ఆయన ఒకప్పుడు ఈ ఎమ్మెల్యే గారి దగ్గరే జూనియర్‌గా పనిచేశారు.

ఈ దావాకి ఏం జవాబు చెప్పాలో కోర్టులో అందరికీ తెలుసు. ఎమ్మెల్యే గారి వాదన ఒక్కటే: చట్టం గట్టు తియ్యమంది గానీ గట్టు మీద ఇల్లు తియ్యమనలేదు, ఇంటికి నోటీసు ఇచ్చి తీరాలి. దానికి జవాబు ఆయన ప్రసంగంలోనే ఉంది. ఇల్లనే మాట వినకూడదనే ఈ సెక్షన్ పెట్టామని ఆయనే చెప్పారు. అసెంబ్లీ నుంచి ఆ ప్రసంగం అధికారిక ప్రతి కూడా తెప్పించాం. అయితే దాన్ని ఆయన మొహం ముందు చదివేదెవరు?

వాదనల రోజు పొద్దున జీపీ గారు ఫోన్ చేశారు.

"అమ్మాయ్, నాకు జ్వరమండీ."

"నిన్న బాగానే ఉన్నారు కదా సార్?"

"రాత్రి వచ్చింది. వాదన మీరు చెప్పెయ్యండి. ఆ ప్రసంగం చదవండి, కూర్చోండి. ఇంకేం అక్కర్లేదు." ఫోన్ పెట్టేస్తూ, "గొంతు మరీ పెంచకండి. పెద్దాయన" అన్నారు.

ఆ జ్వరం గురించి మా నాన్నగారికి చెప్తే కాఫీ గ్లాసు కింద పెట్టి నవ్వారు. "ఎవరో ఒకరు చదవాలి కదమ్మా. నువ్వు చదువు. తప్పు మాట చదవటంలేదుగా, ఆయన మాటేగా" అన్నారు.

కోర్టు హాలు కిక్కిరిసిపోయింది. పని లేని లాయర్లే కాదు, పనున్నవాళ్ళూ వచ్చి గోడలకు ఆనుకుని నిలబడ్డారు. వెనక బల్లల మీద గట్టు మనుషులు. నా వెనక శాఖ అధికారులిద్దరు. ఎమ్మెల్యే గారు వాదన మొదలుపెట్టారు. ఆరోజు ఆయన గొంతు మామూలుకంటే తగ్గి ఉంది. గట్టు వేరు, నివాసం వేరు అన్నది చక్కగా, తడుముకోకుండా చెప్పి కూర్చున్నారు.

నేను లేచాను. కాగితం బల్ల మీద పెట్టి చదివాను. "రేపు ఆ గట్టు మీద ఒక గుడిసె వేసి, కాపలావాణ్ణి కూర్చోబెట్టి..." దగ్గర ఎవరో వెనక నుంచి కిసుక్కుమన్నారు. చివరి వాక్యం దాకా చదివి కూర్చున్నాను.

జడ్జిగారు కళ్ళజోడు సవరించుకుని ఆయన వైపు చూశారు. "ఇది మీరన్నదేనా అండీ?"

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. చట్టసభలో ఒక సభ్యుడు మాట్లాడినదాన్ని బట్టి చట్టానికి అర్థం చెప్పకూడదని అభ్యంతరం లేవదీయడానికి ఆయనకు చక్కటి అవకాశం ఉంది. మొదటి సంవత్సరం జూనియర్‌కి కూడా తెలిసిన అభ్యంతరం. ఆయన అదే అంటారని, దానికి జవాబుగా పాత తీర్పులు నాలుగు వెతికి, పేజీల మధ్య చీటీలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను.

ఆయన లేచారు.

"నేనన్నదేనండి. ఆ అమ్మాయిగారు చదివినదానికంటే పెద్దగొంతుతో అన్నాను. బల్లలు కూడా చరిచారు." ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. "ప్రసంగం ఇక్కడ చెల్లదని నేను అభ్యంతరం చెప్పొచ్చు. చెప్పను. ఆరోజు నమ్మి చెప్పిన మాటని ఈరోజు చెల్లదనడానికి నాకు నోరు రాదు. ఆరోజు నా మనసులో ఉన్నవి కాపలా గుడిసెలు. వీళ్ళు లేరు." వెనక్కి తిరిగి గట్టు మనుషుల వైపు చూశారు. "వీళ్ళు నా నియోజకవర్గంలోనే ఉన్నారు, నాకే ఓటేశారు, అయినా ఆ సెక్షన్ గురించి మాట్లాడేటప్పుడు నా మనసులో లేరు. అది నా తప్పండి, వీళ్ళది కాదు."

ఆ మాట మామూలు గొంతుతో అన్నారు. నాటకం లేదు. నేను ఆ తర్వాత ఎంతోమంది పెద్ద లాయర్ల వాదనలు విన్నాను. అలాంటి మాట ఇంకెవరి నోటా వినలేదు.

"అయితే మీరు కోరేదేమిటి?" అన్నారు జడ్జిగారు.

"నా ప్రసంగమే ప్రమాణంగా తీసుకోండి. అందులో నేను వద్దన్నది కాపలా గుడిసె. అక్కడున్నది కాపలా గుడిసో, కాపురం ఉండే ఇల్లో చూసి రమ్మని కోర్టు తరపున ఒక కమిషనర్ని పంపండి. కాపలా గుడిసే అయితే దావా కొట్టెయ్యండి. నేను మళ్ళీ రాను."

జడ్జిగారు నా వైపు తిరిగారు. "ప్రభుత్వానికి అభ్యంతరం ఉందా అమ్మా?"

ఉందని చెప్పాలి. ఆయన ఏది కోరినా అభ్యంతరం చెప్పమని శాఖవాళ్ళు పొద్దున్నే నాకు స్పష్టంగా చెప్పారు. వెనకనుంచి ఒక అధికారి "అభ్యంతరం, అభ్యంతరం" అని గొణుగుతున్నాడు. నా చీటీల పుస్తకం నా ముందే ఉంది. ఎమ్మెల్యే గారు మాత్రం నా వైపు చూడటంలేదు. చూసి ఉంటే బతిమాలుతున్నారనుకునేదాన్నేమో. తన కాగితాలు సర్దుకుంటున్నారు.

"అభ్యంతరం లేదండి" అన్నాను.

నా నోటి నుంచి వచ్చిందని నాకే కాసేపు తెలియలేదు. వెనకాల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఒక అధికారి బయటికి వెళ్ళిపోయాడు.

కమిషనర్‌గా ఒక మధ్యవయసు లాయర్ని వేశారు. నివేదిక వచ్చేదాకా మిషన్ కదలకూడదన్నారు. ఆ వారంలోనే కమిషనరు, రెండు పక్షాల లాయర్లు కలిసి గట్టుకి వెళ్ళాం. కొంతదూరం జీపు, ఆపైన పడవ. గుర్రపుడెక్క మొక్కలు అడ్డుపడి పడవ ఆగినప్పుడల్లా ఎమ్మెల్యే గారు పంచె ఎగగట్టి గెడకర్ర అందుకోబోవడం, పడవతను "మీరు కూచోండి బాబూ, ఇద్దరం కలిసి మునుగుతాం" అనడం. నాకు నవ్వాగలేదు. కేసులో ఎదుటి లాయర్ని కాబట్టి ముఖం తిప్పుకుని నవ్వాను.

గట్టు మీద పాకలు, పొయ్యిలు, ఎండబెట్టిన వలలు, మునగ చెట్లు, ఒక పాకలో మూడోనాటి బాలింత. కమిషనరు రాసుకుంటూ పోతున్నారు. చివరి పాక ముందు ఒక ముసలావిడ పీట మీద కూర్చుని చేపలు బాగుచేస్తోంది. ఎమ్మెల్యే గారిని చూసి లేవలేదు.

"మా కోసం కోర్టుకెళ్ళారంట కదండీ?" అంది.

"అవునమ్మా."

"ఆ చట్టం ఎట్టింది కూడా తవరేనంట?"

ఆయన పక్కనున్న గుమాస్తా ఏదో సర్దిచెప్పబోయాడు. ఆయన చెయ్యెత్తి ఆపారు. "అవునమ్మా. నేనే."

"మరైతే తవరే తీసెయ్యండి. కోర్టెందుకు మజ్జిన?"

"నేనొక్కణ్ణే తియ్యలేనమ్మా. పెట్టినప్పుడు అందరూ కలిసొచ్చారు. తియ్యాలంటే ఒక్కొక్కరినీ అడగాలి."

"అడగండి మరి" అని, ఆవిడ చేప తిరగేసి పొలుసు గీకడం మొదలుపెట్టింది.

తిరుగు ప్రయాణంలో ఆయన గెడకర్ర జోలికి పోలేదు.

కమిషనరు ఉన్నదున్నట్టు రాశారు. జడ్జిగారి ఉత్తర్వు రెండు పక్షాలకీ పూర్తిగా నచ్చలేదు. గట్టు తొలగించకుండా ఆపే అధికారం తనకు లేదన్నారు. అయితే అక్కడున్నవి కాపురాలని రుజువైంది గనక, ఉండటానికి వేరే చోటు చూపించేదాకా ఇళ్ళ జోలికి పోవద్దన్నారు. గట్టు మీద ఇళ్ళుండగా గట్టెలా తీస్తారు? మిషన్ వెనక్కి వెళ్ళిపోయింది. ప్రభుత్వం గెలిచిందని మా ఆఫీసులో రాసుకున్నాం. గట్టు మీదవాళ్ళు తాము గెలిచామని ఏలూరులో మిఠాయి పంచారు. ఆ మిఠాయి నేనూ తిన్నాను.

శాఖవాళ్ళు ఊరుకోలేదు. అభ్యంతరం చెప్పమంటే లేదని చెప్పిందని నా మీద జీపీ గారికి ఫిర్యాదు చేశారు. ఆయన నన్ను గదిలోకి పిలిచి, వాళ్ళ ముందే నిలబెట్టారు. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను.

"ఆ అమ్మాయి తప్పేం లేదండీ" అన్నారాయన టేబుల్ మీది పేపర్‌వెయిట్ తిప్పుతూ. "అలా చెప్పమన్నది నేనే."

వాళ్ళు వెళ్ళాక నా వైపు చూసి, "నాకు జ్వరంగా ఉండగా చెప్పాను. మీకు గుర్తుండకపోవచ్చు" అన్నారు. ఆ జాగ్రత్తపరుడు తన సర్వీసంతటిలో చేసిన సాహసం అదొక్కటే అనుకుంటాను. ఆ తర్వాత దాని గురించి మళ్ళీ ఎత్తనివ్వలేదు.

కొన్నాళ్ళకి ఎమ్మెల్యే గారి గుమాస్తా వచ్చి, సార్ ఒకసారి రమ్మంటున్నారని చెప్పాడు. జీపీ గారి అనుమతి తీసుకుని వెళ్ళాను. ఆఫీసులో ఆయన ఒక్కరే, ముందు తెల్లకాగితాలు.

"రండమ్మా. ఆ సెక్షన్‌కి సవరణ రాయాలి. ఆ సెక్షన్ని నాకంటే జాగ్రత్తగా చదివినవాళ్ళు మీరే. ఎక్కడ కన్నం ఉందో మీకే తెలుసు. సాయం చేస్తారా?"

కూర్చుని రాశాం. నేను లాయరు భాషలో పొడుగ్గా ఒక వాక్యం రాశాను. ఆయన చదివి, కలం పక్కన పెట్టారు.

"ఇది ఎవరి మీద పడుతుందో ఆ మనిషి మొహం గుర్తు తెచ్చుకుని మళ్ళీ రాయండి."

నాకు చేపలు బాగుచేస్తున్న ముసలావిడ గుర్తొచ్చింది. వాక్యం సగానికి తగ్గిపోయింది. మనుషులు నివాసం ఉంటున్నచోట, వాళ్ళకి ముందుగా నోటీసు ఇచ్చి, వాళ్ళు చెప్పేది విని, వేరే చోటు చూపించాకే గట్టు తీయాలి. అంతే.

అసెంబ్లీలో ఆయన ఆ సవరణ చేపట్టమని కోరుతూ లేచిన సంగతి పేపర్లలో వచ్చింది. "ఈ సెక్షన్‌ని సమర్థించినప్పుడు నేను పొరబడ్డాను అధ్యక్షా" అన్నారు. ఈసారి ఎదుటి పార్టీవాళ్ళు వెక్కిరింపుగా బల్లలు చరిచారు. సొంత పార్టీవాళ్ళు తలలు దించుకుని కాగితాలు చూసుకున్నారు. సవరణ చర్చకే రాలేదు. తర్వాతి ఎన్నికల్లో ఆయనకు టికెట్ ఇవ్వలేదు. కొల్లేట్లో పెద్ద చెరువులున్న ఒకాయనకి ఇచ్చారు.

అభ్యర్థుల జాబితా వచ్చిన మర్నాడు కోర్టులో ఆయన ఎలా కనిపిస్తారోనని అందరం ఎదురుచూశాం. మామూలుగా వచ్చారు. ఇద్దరు అన్నదమ్ముల పంపకం దావాలో సాక్షిని "అన్నం తిని వచ్చారా?" అని అడిగారు. మధ్యాహ్నం బార్ రూములో ఎవరో ఓదార్పుగా ఏదో అనబోతే, "మీటింగుల్లో అరిచి అరిచి గొంతు పోయిందండీ. ఇప్పుడు కాస్త విశ్రాంతి దొరికింది" అన్నారు. బాధపడలేదని నేను అనను. పేపరు తెరిచే అలవాటు మాత్రం ఆ రోజుల్లో మానేశారని గుమాస్తా చెప్పాడు.

ఎన్నికలై కొత్త అసెంబ్లీ వచ్చాక, వేరే మంత్రి పేరున ఆ సవరణ వచ్చింది. మేం రాసినదే, కొన్ని మాటలు అటూ ఇటూ మారి. ఆయన పేరు ఎక్కడా లేదు. గెజిట్ ప్రతి పట్టుకుని నేను కోర్టు వరండాలోకి పరుగెత్తాను. నేనప్పటికి ప్రభుత్వ ఉద్యోగం వదిలి సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్నాను. ఆయన నిలబడే చదివారు. రెండోసారి చదివారు.

"'నివాసం' అని రాస్తే 'నివాస గృహం' అని మార్చారు చూశారా? పాకను గృహం అనకూడదని రేపు ఒకడు వాదిస్తాడు" అన్నారు.

"వాదిస్తే నేనున్నానండి" అన్నాను.

అప్పుడు నవ్వారు. "మధ్యాహ్నం మీకు కేసులేమైనా ఉన్నాయా?"

లేవన్నాను. ఉన్నదొకటి వాయిదా వేయించుకున్నాను.

ఇద్దరం గట్టుకి వెళ్ళాం. కబురు తెలిసి పాకల్లోంచి అందరూ వచ్చి చుట్టూ మూగారు. ఆయన గెజిట్ చదవలేదు. మాటల్లో చెప్పారు. ఇకమీదట ఎవరూ ఉన్నట్టుండి వచ్చి ఖాళీ చెయ్యమనడానికి లేదని, ముందు నోటీసు ఇవ్వాలని, మీరు చెప్పేది వినాలని, చోటు చూపించాలని. ముసలావిడ బాగా వంగిపోయింది. ఒకమ్మాయి భుజం పట్టుకుని ముందుకొచ్చి అంతా విన్నది.

"అంటే ముందు మమ్మల్ని అడుగుతారాండి?"

"అడుగుతారమ్మా. అడక్కుండా ఎవరూ రారు."

ఆవిడ ఆలోచించింది. తనని ఎవరైనా ఏదైనా అడుగుతారన్నది ఆవిడకి కొత్త సంగతిలా ఉంది.

"అడిగితే ఏం చెప్పాలండి?"

అసెంబ్లీలో, కోర్టులో దేనికైనా తడుముకోని మనిషి. చట్టం గురించి ఏదైనా చెప్తారనుకున్నాను. ఆయన వంగి, ఆవిడ చెవికి దగ్గరగా, ఏ మైకూ అక్కర్లేని ఆ గొంతుని ఎంత తగ్గించగలరో అంత తగ్గించి చెప్పారు.

"మేం ఇక్కడ ఉంటున్నాం అని చెప్పండమ్మా. అది చాలు."

"ఆయ్, చెప్తానండి" అంది ఆవిడ.